ఛార్జింగ్ ఎక్కడ ఆపాలి?

విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూడటానికి వెళ్లినవాళ్లు టార్పెడో గొట్టాల దగ్గర ఆగి ఫొటోలు దిగుతారు. కాళ్ల కింద ఏముందని అడిగేవాళ్లు తక్కువ. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో సెలవు తీసుకున్న ఆ సోవియట్ నౌకను నీటి అడుగున నడిపింది లెడ్ యాసిడ్ బ్యాటరీలు. అవి డీలా పడగానే పైకి రావాలి, గాలి గొట్టం బయటపెట్టాలి, డీజిల్ ఇంజన్లు తిప్పి మళ్లీ ఛార్జింగ్ ఎక్కించుకోవాలి. శత్రువు కంట పడే ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే. లోపలివాళ్లకూ అది గండమే. ఛార్జింగ్ చివరికి వచ్చేకొద్దీ ఆ బ్యాటరీలు హైడ్రోజన్ వదులుతాయి. 2010 ఫిబ్రవరిలో విశాఖలో ఉన్న సింధురక్షక్ జలాంతర్గామి బ్యాటరీ గదిలో పేలుడు జరిగి ఒక నావికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పాడైన వాల్వు నుంచి హైడ్రోజన్ లీకవడమే కారణమని నౌకాదళ అధికారులు చెప్పారు.

బీచ్ నుంచి మద్దిలపాలెం ఎంతో దూరం లేదు. అక్కడి ఇళ్లకు బ్యాటరీ విలువ గట్టిగా తెలిసొచ్చింది 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు. స్తంభాలు విరిగిపడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. జనరేటర్ ఉన్నచోట ఫోన్లు వరస కట్టాయి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు. ఇళ్లలో ఇన్వర్టర్లు పెరిగాయి. ఇప్పుడు ఆ ఇన్వర్టర్ పక్కన లెడ్ యాసిడ్ పోయి లిథియం బ్యాంకు వస్తోంది. సెల్లులు కొనుక్కుని సొంతంగా ప్యాక్ కట్టుకునే కుర్రాళ్లూ ఉన్నారు. బ్యాటరీకి వేలు పోసినవాళ్లు తీరా ఛార్జర్ దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగిస్తారు. పాత పద్ధతులు ముందుకొచ్చేది ఇక్కడే.

ఆ పద్ధతుల్లో పేరున్నది బల్బు ఛార్జర్. 230 వోల్టుల లైనుకు డయోడ్ల బ్రిడ్జి, దాని వరసలో ఒక 100 వాట్ల బల్బు, చివర బ్యాటరీ. బల్బే కాపలాదారు, అర ఆంపియర్ కూడా దాటనివ్వదు. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు లేదు. కాకపోతే బ్యాటరీ కొనలు నేరుగా మెయిన్స్‌తో కలిసే ఉంటాయి, చెయ్యి తగిలితే అంతే సంగతులు. అయినా లెడ్ యాసిడ్ రోజుల్లో ఇలాంటి మొరటు పద్ధతి చెల్లిపోయేది. 1987-88లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ వచ్చే వేళకు కరెంటు లేని ఊళ్లలో టీవీలు నడిచింది కారు, ట్రాక్టరు బ్యాటరీల మీదే. టౌనుకు మోసుకెళ్లి ఛార్జింగ్ ఎక్కించి తెచ్చేవారు. షాపువాడు రాత్రంతా మర్చిపోయినా ఫరవాలేదు. ఎక్కువైన కరెంటు లోపలి నీటిని విడగొట్టేది, బుడగలొచ్చేవి, పొద్దున డిస్టిల్డ్ వాటర్ పోస్తే సరిపోయేది.

లిథియంలో అలా బలివ్వడానికి నీళ్లు లేవు. 1991లో సోనీ బజారులోకి తెచ్చినప్పటి నుంచీ దీని లోపలి ద్రవం మండే స్వభావమున్నదే. నిండాక కూడా తోస్తూపోతే లిథియం లోహంగా పేరుకుంటుంది, సెల్లు ఉబ్బుతుంది, వేడి తనంతట తాను పెరిగే దశకు చేరుతుంది. 1997లో టెక్సస్‌లో గుడెనఫ్ బృందం వెలువరించిన ఐరన్ ఫాస్ఫేట్ రకం కాస్త నెమ్మది. దానికీ హద్దుంది: సెల్లుకు 3.65 వోల్టులు, నాలుగు సెల్లుల ప్యాక్‌కు 14.6. అందుకే దీని ఛార్జర్ రెండు అంచెల్లో పనిచేయాలి. మొదట కరెంటును ఒకే స్థాయిలో పోనివ్వాలి. హద్దు చేరాక వోల్టేజీని అక్కడే నిలిపితే, బిందె గొంతు దాకా వచ్చినప్పుడు కుళాయి సన్నం చేసినట్టు కరెంటు దానంతట అదే తగ్గుతుంది. 100 ఆంపియర్-అవర్ బ్యాంకులో అది 5 ఆంపియర్లకు దిగితే పని అయిపోయినట్టే.

తక్కువ ఖర్చులో ఇది సాధ్యమే. 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (స్విచ్చింగ్ పవర్ సప్లై) ఒకటి, దాని తర్వాత కరెంటు, వోల్టేజీ రెండూ తిప్పి పెట్టుకోగల స్టెప్‌డౌన్ మాడ్యూల్ ఒకటి. మెయిన్స్‌ను బ్యాటరీ నుంచి వేరుచేసే పని ఎస్‌ఎంపీఎస్ లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చూసుకుంటుంది. బల్బు ఛార్జర్‌లో లేనిది ఇదే. మాడ్యూల్ మీద 20 ఆంపియర్లని రాసుంటే 10కే వాడటం తెలివి. అప్పుడు గోడ ప్లగ్గు నుంచి లాగేది 170-180 వాట్లు, రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగినంత. బ్యాటరీ తగిలించకముందే మల్టీమీటర్ పెట్టి, హద్దుకు కాస్త కిందే, 14.4 వోల్టులకు సరిచేయాలి. మధ్యలో ఫ్యూజు ఉండాలి. ప్యాక్‌లో సెల్లులను కాపాడే బీఎంఎస్ బోర్డు ఎలాగూ ఆపేస్తుందిలే అనుకుని ఛార్జర్‌ను వదిలేయడం నాకు నచ్చని ధీమా. అది ఆఖరి గడియ, రోజూ వేసే తలుపు కాదు. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీసినా కాసేపు కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉంటుంది. విశాఖ ఉప్పుగాలికి కొనలు పచ్చబడి బిగింపు వదులైతే వేడి అక్కడే పుడుతుంది, మీటర్ ఎంత సరిగ్గా చూపించినా.

జలాంతర్గాములూ ఈ దారిలోకే వచ్చాయి. జపాన్ 2020 మార్చిలో ఓర్యూ జలాంతర్గామిని లిథియం బ్యాటరీలతో రంగంలోకి దించింది. మన దగ్గర లెక్క మార్చింది మాత్రం ఇళ్లలో జరిగిన చావులు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు. అదే వారం నిజామాబాద్‌లో మరో ఇంట్లో ఒక పెద్దాయన. ఆ ఏడాది డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చిన ఏఐఎస్-156 భద్రతా ప్రమాణపు సవరణలు విద్యుత్ వాహనాల ఛార్జర్‌కు హద్దు దగ్గర ఆగే ఏర్పాటు, నెమ్మదిగా మొదలయ్యే ఏర్పాటు, బాగా అడుగంటిన ప్యాక్‌ను గుర్తుపట్టే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. ఇంట్లో కట్టుకున్న బ్యాంకు వాహనం కాదు కాబట్టి ఆ నిబంధన దాని జోలికి రాదు. మద్దిలపాలెం అపార్టుమెంట్లలో దాన్ని పెట్టే చోటు సాధారణంగా మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన. ఇల్లు ఖాళీ చేసి బయటికి పరుగెత్తాల్సిన దారి కూడా అదే.