చీనావారి పిల్లలు పరదేశం ఎందుకు వెళ్ళారు?

మన మలేసియాలో చీనావారి పిల్లలు పైచదువులకు విమానమెక్కడం చూసి "వాళ్ళకేం, డబ్బున్నవాళ్ళు గదా!" అని మనవాళ్ళు తేలికగా అనేస్తారు. డబ్బు మాట కొంత నిజమే. కాని అసలు సంగతి వేరు.

దేశంలో విశ్వవిద్యాలయమే లేని రోజుల్లో పైచదువు కావాలంటే ఓడ ఎక్కవలసిందే. 1887లో సింగపూరు వాసి లిం బూన్ కెంగ్ రాణీగారి విద్యార్థి వేతనంతో ఎడిన్‌బరో వెళ్ళి వైద్యుడై వచ్చాడు. అది ఇంగ్లీషు చదివినవారి దారి. చీనా భాషలో చదివినవారు చీనాకే పోయేవారు. 1949లో అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడ్డాక ఆ దారీ మూసుకుపోయింది. వెళ్ళిన చాలామందిని బ్రిటిషు పాలకులు తిరిగి రానివ్వలేదు.

అప్పుడు, 1953లో, రబ్బరు వర్తకుడు టాన్ లార్క్ సై "మన విశ్వవిద్యాలయం మనమే కట్టుకుందాం" అన్నాడు. హొక్కియన్ సంఘం సింగపూరులో 500 ఎకరాలకు పైగా భూమి ఇచ్చింది. శ్రీమంతుల విరాళాల మాట అలా ఉంచండి, రిక్షా తొక్కేవారు కూడా ఒకనాటి సంపాదన తెచ్చి ఇచ్చారు! 1956లో నాన్యాంగ్ విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలయ్యాయి. 1980లో దానిని సింగపూరు విశ్వవిద్యాలయంతో కలిపివేశారు. ఇక్కడ మెర్డెకా విశ్వవిద్యాలయం కోసం 1968లో మొదలైన ప్రయత్నం 1982లో ఫెడరల్ కోర్టులో ఓడిపోయింది.

ఈలోగా 1971 రాజ్యాంగ సవరణతో విశ్వవిద్యాలయాలలో భూమిపుత్రులకు సీట్లు కేటాయించే వీలు కలిగింది. మంచి మార్కులున్నా సీటు దొరకని బాధ మన పిల్లలూ ఎరుగుదురు. చీనావారి స్వతంత్ర పాఠశాలలు 1975లో సొంత ఉమ్మడి పరీక్ష పెట్టుకున్నాయి. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దానిని చాలాకాలం ఒప్పుకోలేదు, తైవాన్ ఒప్పుకున్నది. కనుక తైవాన్ వెళ్ళారు. ఇంగ్లీషు వచ్చినవారు బ్రిటన్ వెళ్ళారు. 1980లో అక్కడ విదేశీ విద్యార్థుల రుసుము అమాంతం పెరిగాక ఆస్ట్రేలియా, అమెరికాల వైపు మళ్ళినవారు ఎందరో. ఇక్కడ 1996 చట్టంతో ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాకగాని ఆ ఒత్తిడి కొంత తగ్గలేదు.

మరి మన సంగతి? 1923 కార్మిక చట్టం ప్రకారం బడియీడు పిల్లలు పదిమంది ఉన్న తోటలో దొరలు బడి పెట్టాలి. పెట్టారు. రబ్బరు తోటల్లోను, బాగాన్ దాతో కొబ్బరి తోటల్లోను మన తాతలు అక్కడే అక్షరాలు దిద్దారు. కాని ఆ తెలుగు బడి ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. చీనా పిల్లవాడికి విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర తలుపు మూసుకుంటే, తెలుగులో చదివిన మన పిల్లవాడికి పన్నెండో ఏటనే మూసుకుపోయింది. ఆ తరువాత అతని చేతికి వచ్చింది రబ్బరు పాల బకెట్టు.