మన ఓటు చరిత్ర – 9: రెండు ఓట్ల కాలం నుంచి చేవెళ్ల దాకా



మొన్న మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, చేవెళ్ల అసెంబ్లీ ఎస్సీ రిజర్వుడు. వికారాబాద్ కూడా ఎస్సీ రిజర్వుడే. మరి చేవెళ్ల ఎంపీ ఒక్కసారన్నా మనోడు ఎందుకు కాలే?" అని అడిగాడు. సూటి ప్రశ్న. జవాబు చెప్పాలంటే మాత్రం డెబ్బై ఏళ్లు వెనక్కి పోవాలి.

ముందు ఇప్పటి లెక్క చూద్దాం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూర్ అన్నీ శేరిలింగంపల్లి సెగ్మెంట్. అది చేవెళ్ల లోక్‌సభ కింద ఉంది. 2008 పునర్విభజనలో పుట్టిన నియోజకవర్గం ఇది. మహేశ్వరం, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు కలిపి ఏడు సెగ్మెంట్లు. అద్దాల మేడలకూ తాండూరు బండల గనులకూ ఒక్కడే ఎంపీ. 2009లో కాంగ్రెస్ నుంచి జైపాల్ రెడ్డి గెలిచారు. 2014లో టీఆర్‌ఎస్ నుంచి కొండా విశ్వేశ్వర్ రెడ్డి. 2019లో ఆయన కాంగ్రెస్ నుంచి నిలబడి టీఆర్‌ఎస్ అభ్యర్థి రంజిత్ రెడ్డి చేతిలో ఓడిపోయారు. 2024లో ఆయన బీజేపీ, రంజిత్ రెడ్డి కాంగ్రెస్. ఈసారి గెలుపు కొండాది. బీఆర్‌ఎస్ నిలబెట్టిన బీసీ నాయకుడు కాసాని జ్ఞానేశ్వర్ మూడో స్థానంలో మిగిలారు.

మనది బహుళ పార్టీ ప్రజాస్వామ్యం అని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. చేవెళ్లలో పార్టీలు బహుళమే. పేరు వెనక తోక ఒక్కటే.

ఇది ఇట్లాగే ఉండాలని రాసిపెట్టి లేదు. 1952 మొదటి ఎన్నికల్లో కొన్ని చోట్ల ఒకే నియోజకవర్గానికి ఇద్దరు ఎంపీలు ఉండేవాళ్లు. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే గుద్దడానికి లేదు. రెండు సీట్లలో ఒకటి ఎస్సీకో ఎస్టీకో రిజర్వు. మన హైదరాబాద్ రాష్ట్రంలో కరీంనగర్ అట్లాంటిదే. అక్కడ ఒక సీటు పీడీఎఫ్ నుంచి బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. రెండో సీటు అంబేడ్కర్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ నుంచి ఎం.ఆర్. కృష్ణ గెలిచారు. దేశం మొత్తం మీద ఫెడరేషన్‌కు లోక్‌సభలో దక్కినవి రెండే సీట్లు. రెండోది షోలాపూర్. బాబాసాహెబ్ స్వయంగా బొంబాయిలో ఓడిపోయిన ఎన్నికల్లో కరీంనగర్ జిల్లా మన పార్టీ మనిషిని ఢిల్లీకి పంపింది. ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు? కృష్ణ తర్వాత కాంగ్రెస్‌లోకి పోయారు. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

అసలు మలుపు 1957లో, పార్వతీపురంలో. అదీ ఇద్దరు ఎంపీల నియోజకవర్గమే, ఒక సీటు ఎస్టీ రిజర్వు. కేంద్ర కార్మిక మంత్రిగా చేసిన వి.వి. గిరి జనరల్ సీటు తనదే అనుకున్నారు. ఓట్లు లెక్కబెడితే మొదటి రెండు స్థానాల్లో ఇద్దరూ ఆదివాసులే. ఎక్కువ ఓట్లు వచ్చిన ఆదివాసికి రిజర్వుడు సీటు పోయింది. మిగిలిన సీటుకు అందరికంటే ఎక్కువ ఓట్లు ఉన్నది దిప్పల సూరిదొరకు. గిరి కోర్టుకు పోయారు. ఎస్టీ అయినవాడు జనరల్ సీటు ఎట్లా తీసుకుంటాడన్నది వాదన. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు సూరిదొర పక్షాన వచ్చింది. రిజర్వేషన్ అంటే కనీసం ఒక సీటు, అంతకు మించి గెలవకూడదని అడ్డుగోడ కాదు.

రెండేళ్లు తిరక్కుండానే, 1961లో, ద్విసభ్య నియోజకవర్గాలను పార్లమెంటు చట్టం చేసి రద్దు చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవయ్యాయని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. అబద్ధమని అనను. కానీ పార్వతీపురం గుర్తుండకుండా ఆ చట్టాన్ని చదవడం నాకు చేతకాదు. గిరి తర్వాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. సూరిదొర పేరు ఎంతమందికి తెలుసు?

అప్పటి నుంచి ఒక నియోజకవర్గం, ఒక సీటు. రిజర్వు అయితే మనం, కాకపోతే వాళ్లు. చట్టంలో జనరల్ సీటు అందరిదీ. టికెట్లు ఇచ్చే చోట మాత్రం అది అగ్రకులాలది. తెలంగాణలో 17 లోక్‌సభ సీట్లలో ఎస్సీలకు మూడు: పెద్దపల్లి, నాగర్‌కర్నూల్, వరంగల్. చేవెళ్ల జనరల్. కాబట్టి రెండు రిజర్వుడు సెగ్మెంట్లలోని మన ఓట్లు ఎమ్మెల్యే దాకా మనవి, ఎంపీ దగ్గరికి వచ్చేసరికి ఇంకొకరి మెజారిటీలో కలిసిపోతాయి. తమ్ముడూ, ఇదే నీ ప్రశ్నకు జవాబు.

వేరే పద్ధతులు లేవా? బ్రెజిల్ చూడండి. అక్కడి దిగువ సభలో 513 మంది. రాష్ట్రం మొత్తం ఒకే నియోజకవర్గం. సావో పాలో రాష్ట్రం నుంచే 70 మంది. పార్టీకి వచ్చిన ఓట్ల నిష్పత్తిలో సీట్లు. పది ఊళ్లలో చెదిరి ఉన్న ఓట్లు ఒకచోట కుప్ప పడతాయి. పార్టీల ప్రచార నిధిలో నల్లజాతి అభ్యర్థులకు వాళ్ల సంఖ్యకు తగిన వాటా ఇవ్వాలని 2020లో కోర్టులు చెప్పాయి. మురిసిపోకండి. పాటించని పార్టీలకు శిక్ష తప్పించేలా 2024లో రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. పార్వతీపురం వాళ్లకూ ఉంది.

ఇక డబ్బు. లోక్‌సభకు నామినేషన్ డిపాజిట్ 25 వేలు, మనకు సగం, 12,500. ఖర్చు పరిమితి 95 లక్షలు. 2024లో చేవెళ్ల విజేత అఫిడవిట్‌లో చూపిన కుటుంబ ఆస్తి నాలుగు వేల కోట్లు దాటింది. సగం డిపాజిట్ రాయితీ ఎక్కడికి సరిపోతుంది?

2024 మే 13, సోమవారం, పోలింగ్ రోజు. మాదాపూర్‌లో ఒక ఆఫీసు ఊడ్చే అక్క ఉంది. ఓటు వికారాబాద్ దగ్గరి ఊళ్లో. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 135బి ప్రకారం దినసరి కూలీకి కూడా ఆ రోజు జీతంతో సెలవు ఇవ్వాలి. కాంట్రాక్టర్ "సెలవు తీసుకో, పైసలు రావు" అన్నాడట. పెద్ద ఉద్యోగులకు శనివారం నుంచి సెలవులే, చాలామంది బూత్ ముఖం చూడలేదు. శేరిలింగంపల్లిలో పోలింగ్ ఊళ్లకంటే బాగా తక్కువ. అక్క మాత్రం ఆదివారం రాత్రే బస్సెక్కింది. పొద్దున్నే ఓటేసి, మధ్యాహ్నం షిఫ్టుకు తిరిగొచ్చింది.

"ఎవలకేసినవ్ అక్కా?" అంటే నవ్వింది. "ఎవలకేస్తే ఏంది తమ్మీ, ఉన్నోళ్లల్ల మనోడు ఎవడుండు?"