లేపాక్షి చిత్రములు - మన సీమ మట్టివన్నెలు

వానలు తప్పు సీమయని మన అనంతపురమునకు దేశమంతట ప్రసిద్ధి. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మిట్టనేలను జూచి జాలిపడువారు పెక్కురు గలరు. ఈ నేల వన్నెను జూచి సంతసించువారు మాత్రము అరుదు. ఇచ్చటి మన్ను ఒకచోట ఎఱ్ఱన, ఒకచోట పసుపుపచ్చన, మఱియొకచోట కాచు వన్నె. ఇట్టి మట్టివన్నెలే లేపాక్షి వీరభద్రాలయపు కప్పులపై సుమారు ఐదువందల ఏండ్లుగా నిలిచియున్నవి. ఈ సంగతిని మన సంఘ సోదరులకును, సభాపోషకులకును విన్నవింప దలచితిని.

మన పూర్వులు ఈ మన్నును నీచముగా నెంచలేదు. పర్వతమునందు పుట్టు మణిశిల మొదలగునవి ధాతువులనియు, అందును విశేషించి గైరికమే ధాతువనియు అమరసింహుడు చెప్పియున్నాడు. గైరికమనగా మన జేగురు. కన్నడసీమ పొలిమేరలోని పల్లెలలో కెమ్మన్ను. మేఘసందేశములో యక్షుడు తన ప్రియురాలి రూపమును శిలపై వ్రాసినదియు ఈ ధాతురాగముతోనే. ఇక మట్టివన్నెలకు అమరములో ఎన్ని పేర్లో చూడుడు. కపిల, పిశంగ, పింగళాదులుగా ఆరు పేర్లొకచోట. నలుపు గలసిన కపిశమునకు వేఱుగా మఱియొకచోట. నేను బడిలో ఈ భాగము చెప్పునప్పుడు పిల్లలు “ఇవన్నియు ఒక్కటే రంగు గదా అయ్యా” అనెడివారు. పొలము గట్టునకు దీసికొనిపోయి మన్ను చూపిన పిమ్మట ఆ ప్రశ్న వచ్చెడిది కాదు.

ఈ వన్నెలకెల్ల మూలము ఇనుము. ఇనుము గాలితోను నీటితోను గూడి త్రుప్పైనచో పసుపుమన్ను. అందలి నీరు తొలగినచో ఎఱ్ఱమన్ను. మాంగనీసు చేరినచో కపిశము. పసుపుమన్నును సుమారు 300 డిగ్రీల వేడిమిలో కాల్చిన నీరు విడిపోయి ఎఱ్ఱనగును. ఆ మార్పును నడుమ నాపిన నారింజ మొదలు కపిలము వఱకు పలు ఛాయలు లభించును. ఇటలీలో సియెనా పట్టణపు మన్ను కాల్చి అచ్చటి చిత్రకారులు చేసినదియు ఇదే. మన సీమకు ఇట్టి ఖనిజము కొదువ గాదు. ఓబుళాపురపు కొండలలో ఇనుపరాయి, పొరుగున కర్నూలు సీమలోని బేతంచెర్లలో పసుపుమన్ను త్రవ్విరి.

రంగు సిద్ధపఱచు పని ఓర్పుతో గూడినది. మన్నును దంచి, నీట కలిపి, ఇసుక అడుగునకు దిగినంతనే పైనీటిని వేఱొక కుండలోనికి వంచవలెను. ఇట్లు మాటిమాటికి వంచగా చివరకు అడుగున నిలుచు మెత్తని మడ్డియే రంగు. దానిని ఎండబెట్టి బంకతో నూరుదురు. పండ్రెండవ శతాబ్దమున చాళుక్య సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసములో మహిషచర్మమును ఉడికించి చేయు వజ్రలేపమను బంక చెప్పబడినది. సున్నపు గోడపై మన్నే ఏల నిలుచును? సున్నపు క్షారము చెట్టుచేమల రంగులను పెక్కింటిని చెఱచును. త్రుప్పును ఏమియు జేయజాలదు. ఎండకు గూడ అది వెలవెలబోదు.

లేపాక్షి ఆలయము అచ్యుతదేవరాయల (1529-1542) కాలమున కూర్మశైలమను చిన్న గుట్టపై వెలసినది. కట్టించినవారు పెనుగొండలో రాజోద్యోగులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు. నాట్యమండపపు కప్పున కిరాతార్జునీయము, ద్రౌపదీ స్వయంవరము, మనునీతిచోళుని కథ, పార్వతీకల్యాణము, వటపత్రశాయి వరుసగా గానవచ్చును. అర్ధమండపపు కప్పున మహాకాయుడైన వీరభద్రుడు. ఆ దాపుననే పొడవైన కుళ్ళాయిలు ధరించి మ్రొక్కుచున్న ఆ సోదరులు.

వర్ణములు లెక్కింప ఎన్నియో లేవు. ఎఱుపు, పసుపు, కపిశము, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, రేఖలకు నలుపు. నీలము మిక్కిలి అరుదు. అజంతా చిత్రకారులకు ఆఫ్ఘన్ దేశపు బదక్షాన్ నుండి రాజావర్తశిల వచ్చి నీలమిచ్చినది. లేపాక్షివారు ఇంచుమించు నేల ఇచ్చినదానితోనే సరిపెట్టుకొనిరి. దీనిని లోపమని కొందఱందురు. నాకట్లు తోచదు. ఎఱ్ఱని భూమికపై తెల్లని చీరయు, దాని కపిశపు గళ్ళును, నల్లని సన్నగీతయు ఎట్లు పొదిగినవో చూచినవాడు నీలమును కోరడు. చీరల అంచులలో ఒకదానివలె నొకటి యుండదు.

విరూపణ్ణ కన్నులు పెఱికికొని గోడకు విసరెననియు, ఆ ఎఱ్ఱని మచ్చలే నేటికిని గలవనియు కథ. లేపాక్షి యన్న పేరు దానినుండియే వచ్చినదందురు. సంస్కృతమున లేపమనగా పూతయే గాని గ్రుడ్డితనము గాదు. కనుక ఆ వ్యుత్పత్తి నాకు రుచింపదు. యాత్రికులు ఆ మచ్చలయెదుట నిలుచునంత సేపు కప్పుక్రింద నిలువరు; నాకు చింత కలిగించునది ఇదియే. దాతల పేర్లు శాసనములలో నిలిచినవి. మన్ను నూరిన చేతుల పేర్లు ఎచ్చటను లేవు. వారికి మిగిలినది ఆ పూత యొక్కటే.

ఆ పూతయు పెచ్చులూడుచున్నది. కప్పునుండి దిగిన చెమ్మ, దీపపు పొగ దానిని చాల చెఱచినవి. లేపాక్షి భారత పురావస్తుశాఖ రక్షణలో నున్నది; 2022 లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినది. పల్లెల గుడులకు ఆ భాగ్యము లేదు. జీర్ణోద్ధరణమని భక్తితోనే ధనమిచ్చుచున్నారు. కాని ఆ ధనముతో పాత సున్నము గీకి సిమెంటు పూసి, పైన డబ్బా రంగు వేయుచున్నారు. డబ్బా రంగు గోడలోని చెమ్మను బయటికి పోనీయదు. కొన్నేండ్లకు తన క్రింది సున్నముతో గూడ ఊడిపడును. కావి సున్నము పట్టెలు అట్లు గావు. ఏటేట తక్కువ ఖర్చుతో తిరిగి వేసికొనవచ్చును. మన సంఘ పోషకులు గుడి మరమ్మతునకు విరాళమిచ్చునప్పుడు, పాత పూతను గీకుటకు ముందు తెలిసినవారిచే పరీక్ష చేయింపుమని ఒక్క షరతు వ్రాయించిన చాలును.

లేపాక్షి హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్లు. చిత్రములన్నియు కప్పుననే యుండుటచే మెడ నొచ్చును. అరచేతి యద్దమొకటి తీసికొనిపోయి, అందులో క్రిందికి చూచుకొనుచు నడచిన సుఖముగా నుండును.