కేంబ్రిడ్జిలో ఒక రోజు, కట్టమంచి వారిని వెతుక్కుంటూ

పోయిన వేసవిలో మన సంఘం నుంచి నాలుగు జంటలం లండన్ వెళ్లాం. అందరిదీ ఒకటే పని, పిల్లల ఇళ్లలో నెలా రెండు నెలలు ఉండి రావడం. ఒక రోజు ఎవరినీ సెలవు పెట్టమనకుండా మాకు మేమే కేంబ్రిడ్జి చూసి వచ్చాం. ఫొటోలు అప్పుడే పెట్టాం. రాయాల్సిన మాట మాత్రం ఇన్నాళ్లూ మిగిలిపోయింది.

కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంటలోపే దిగుతాం. అక్కణ్ణుంచి ఊరి నడిబొడ్డుకి అరగంట నడక. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సెక్కారు. ముందు కింగ్స్ కాలేజీ చాపెల్ చూశాం. ఆరో హెన్రీ రాజు 1446లో మొదలుపెట్టించాడు, కట్టడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. పైకప్పు రాతిదంటే నమ్మబుద్ధి కాదు, విసనకర్రలు విప్పి వరసగా పేర్చినట్టు ఉంటుంది. ట్రినిటీ కాలేజీ గుమ్మం మీద ఎనిమిదో హెన్రీ బొమ్మ చేతిలో రాజదండం బదులు కుర్చీ కాలు ఉంది! ఎప్పటి విద్యార్థులో చేసిన కొంటెపని, ఇంకా అలాగే ఉంచారు. రామానుజన్ 1914లో వచ్చి, 1918లో ఫెలో అయింది ఈ ట్రినిటీలోనే. శాకాహారం కోసం తన వంట తనే చేసుకున్నాడట పాపం. మేం నది ఒడ్డున పులిహోర డబ్బాలు విప్పినప్పుడు ఆయన మాటే వచ్చింది.

అసలు మేం వెళ్లింది మాత్రం పక్కనున్న సెయింట్ జాన్స్ కాలేజీ కోసం. 1511లో పెట్టిన కాలేజీ. గుమ్మం మీద మేక తల, జింక ఒళ్లు, ఏనుగు తోక ఉన్న జంతువులు రెండు చెక్కి ఉంటాయి. మన గుళ్లలో యాళి చూసిన కళ్లకు కొత్తేమీ కాదు. ఈ గుమ్మంలోంచే 1902లో కట్టమంచి రామలింగారెడ్డి లోపలికి నడిచారు. చిత్తూరు పక్క పల్లెలో పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఓడెక్కి వచ్చినప్పటికి 21 ఏళ్లు. నాలుగేళ్లు ఇక్కడే. దగ్గర్లోనే, రౌండ్ చర్చి వెనక, కేంబ్రిడ్జి యూనియన్ ఎర్ర ఇటుకల భవనం ఉంది. ఆ చర్చావేదికకు ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. గేటు బయట నిలబడి ఫొటో తీసుకున్నాం. అటుగా పోతున్న కుర్రాళ్లు ఈ ముసలివాళ్లకి ఇక్కడేం పని అన్నట్టు చూశారు.

ఇంతకీ బెంగళూరు వాళ్లకి ఆయన గొడవెందుకు అంటారేమో. చదువు ముగించి వచ్చాక కొన్నాళ్లు బరోడాలో పనిచేసి, ఆ తర్వాత మైసూరు సంస్థానానికే వచ్చారు. మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు, చివరికి సంస్థానం మొత్తానికీ విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అందులో చేరిన రెండు కాలేజీల్లో ఒకటి మైసూరు మహారాజా కాలేజీ అయితే రెండోది మన సెంట్రల్ కాలేజీ. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా వెళ్లింది ఈ అనుభవంతోనే. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న రాధాకృష్ణన్ గారు కూడా 1918 నుంచి మూడేళ్లు మైసూరులో పాఠాలు చెప్పినవారే. కన్నడ దేశం తెలుగు చదువుకి చేసిన మేలు మనం సరిగ్గా చెప్పుకోం.

తిరుగు రైల్లో వాదన మొదలైంది. "పరాయి దేశం పంపితే పిల్లలకి తెలుగు పోతుంది" అన్నారు మాలో పెద్దాయన ఒకరు. ఆయన మనవడు అక్కడే పుట్టాడు, తాతతో ఇంగ్లీషులోనే మాట్లాడతాడు. ఆ బాధ మాకందరికీ తెలిసిందే. కానీ చిత్తూరు అక్కయ్య ఒప్పుకోలేదు. "రామలింగారెడ్డి గారికి పోలేదు కదండీ" అంది. తెగబోతున్న చెరువు నిలవడానికి ప్రాణమిచ్చిన కోడలి కథ, 'ముసలమ్మ మరణం', మాకు మళ్లీ చెప్పింది. ఆ కావ్యం ఆయన కేంబ్రిడ్జికి రాకముందే, మద్రాసు కాలేజీలో తెలుగు సంఘం పెట్టిన పోటీకి రాశారు. అంటే ఓడెక్కేనాటికే తెలుగు ఆయన లోపల ఉంది. అందుకే 1914లో, మైసూరు ఉద్యోగంలో ఉండగా, 'కవిత్వతత్త్వ విచారము' రాసి, పింగళి సూరన కావ్యాన్ని కొత్త కళ్లతో చూపించగలిగారు. అక్కడ నేర్చిన చూపు, ఇక్కడ నేర్చిన భాష.

ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మన పిల్లలకి తెలుగు పోయింది లండన్‌లో కాదు, ఇక్కడే, జయనగర్‌లోనూ మారతహళ్లిలోనూ. విమానం ఎక్కకముందే. పోయినేడాది మన ఆదివారం తెలుగు తరగతికి పిల్లలు రాక మూసేశాం. అప్పుడు తల్లిదండ్రుల్ని తప్పుపట్టాం. మా సొంత మనవళ్లని ఎంతమందిమి పంపామో లెక్కేస్తే ఇద్దరు తేలారు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం 10 గంటలకి తరగతి మళ్లీ తెరుస్తున్నాం. మొదటి రోజు అక్షరాలు ఉండవు. చిత్తూరు అక్కయ్య ముసలమ్మ కథ చెబుతుంది. పిల్లల్ని దింపేసి వెళ్లిపోకండి, మీరూ కూర్చోండి. కాఫీ మేం చూసుకుంటాం.