మునిగిన లోయ, మిగిలిన గోడ

వేల్స్ పడమటి తీరాన, అబెరిస్త్‌విత్ పట్టణానికి దక్షిణంగా సాగే రహదారి పక్కన ఒక పాత ఇంటి మొండిగోడ ఉన్నది. ఎర్రరంగు మీద తెల్లని అక్షరాలు: ‘కొవ్యుఖ్ ద్రవెరిన్’. త్రవెరిన్‌ను గుర్తుంచుకోండి అని అర్థం.

త్రవెరిన్ ఉత్తర వేల్స్‌లోని ఒక నది. దాని లోయలో కాపెల్ కెలిన్ అనే చిన్న పల్లె ఉండేది. ఇంట్లోనూ, బడిలోనూ, ప్రార్థనలోనూ అక్కడివారిది వెల్ష్ భాషే. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరపాలక సంస్థ 1955లో తన నీటి అవసరాలకై ఆ లోయను ఎంచుకొన్నది. అంతకుముందు శతాబ్దంలోనే మరొక వెల్ష్ గ్రామాన్ని ముంచి జలాశయం కట్టుకొన్న నగరమది. ఈసారి స్థానిక సంస్థల అనుమతితో నిమిత్తం లేకుండా నేరుగా పార్లమెంటులో బిల్లు పెట్టించింది. 1956 నవంబరులో పల్లెవాసులు లివర్‌పూల్ వీధుల్లో ఊరేగి తమ గోడు చెప్పుకొన్నారు. 1957లో చట్టం వచ్చింది. వేల్స్ సభ్యులు 36 మందిలో ఒక్కరైనా దానికి అనుకూలంగా ఓటు వేయలేదు. వేయకున్నా ఆగలేదు.

నగరం దాహం అబద్ధమేమీ కాదు. కాని లోయలోని 67 మందిలో 48 మంది ఇళ్లు కోల్పోయారు. అంత చిన్న సంఖ్యను లక్షల జనం పక్కన పెట్టి తూచితే త్రాసు ఎటు మొగ్గుతుందో తెలిసినదే. ఆ తూకంలో భాషను ఎవరూ లెక్కించలేదు. బడి, తపాలా కార్యాలయం, ప్రార్థనామందిరం నీటి పాలయ్యాయి. కొన్ని సమాధులను మాత్రం వేరేచోటికి తరలించి, తక్కినవాటిమీద కాంక్రీటు పరిచారు. 1965 అక్టోబరులో ప్రారంభోత్సవం నిరసనకారుల కేకల మధ్య కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. లివర్‌పూల్ ఊరేగింపులో ముందు నడిచిన గ్విన్వర్ ఎవాన్స్ మరుసటి ఏడు ఉపఎన్నికలో గెలిచి, వెల్ష్ జాతీయపక్షం తరఫున పార్లమెంటులో అడుగుపెట్టిన తొలి సభ్యుడయ్యాడు. ఆ విజయానికి త్రవెరిన్ ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. లివర్‌పూల్ క్షమాపణ మాత్రం 2005 దాకా రాలేదు.

ఇక ఆ గోడ సంగతి. 1960లలో రచయిత మైక్ స్టీవెన్స్ మొదట రాసినది ‘త్రవెరిన్’ అనే. వెల్ష్ వ్యాకరణం ప్రకారం అక్కడ కర్మపదపు తొలి ‘త’కారం ‘ద’కారం కావాలి. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములయ్యే భాషలో పుట్టినవారికి ఇది వింతగా తోచదు. ఆయన ఇంగ్లీషు మాట్లాడే ఇంట పెరిగి, వెల్ష్‌ను పెద్దయ్యాక నేర్చుకొన్నవాడు. ఇంటి భాష కాని భాష కోసం రంగుడబ్బా పట్టుకొన్న మనిషి చేసిన ఆ తప్పు, తప్పులేని నినాదాలకన్నా ఎక్కువే చెబుతుంది. తరువాతివారు దానిని దిద్దారు. 2019లో గోడలో కొంత భాగాన్ని ఎవరో కూలగొట్టారు. కొద్ది వారాల్లోనే వేల్స్ నలుమూలలా గోడలమీద అవే రెండు మాటలు వెలిశాయి.