రెండు శిబిరముల నడుమ ఒక జాబు

1643వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఇంగ్లండు పశ్చిమభాగమునందలి బాత్ పట్టణమునుండి ఒక సేనాని ఎదుటిపక్షపు సేనానికి జాబు వ్రాసెను. వ్రాసినవాడు పార్లమెంటు పక్షమున పోరాడుచున్న సర్ విలియం వాలర్. అందుకొన్నవాడు రాజపక్షమునకు చెందిన సర్ రాల్ఫ్ హాప్టన్. అంతర్యుద్ధము మొదలై అప్పటికి పది మాసములు గడచినవి.

వీరిరువురును ఇరువదిమూడేండ్లనాటి సహచరులు. ఇంగ్లండు రాజైన మొదటి జేమ్స్ కుమార్తె ఎలిజబెత్ బొహీమియా రాణిగా నుండగా, 1620లో ఆమె కొలువున పనిచేయబోయిన ఆంగ్ల యువకులలో వీరును ఉండిరి. ఆ యేడు నవంబరులో ప్రేగ్ నగరమునొద్ద తెల్లకొండ యుద్ధమున రాణి పక్షము చిత్తుగా ఓడిపోయెను. నిండుచూలాలైన ఆమె చలికాలమున పరదేశములు పట్టిపోవలసివచ్చెను. హాప్టన్ ఆమెను తన గుఱ్ఱముపై వెనుక కూర్చుండబెట్టుకొని కొంతదూరము దాటించెనని ప్రతీతి. ఆ ప్రవాసమున పుట్టిన బిడ్డయే మారిస్ రాకుమారుడు. 1643లో హాప్టనుతో కలిసి వాలరుపైకి సేనలు నడిపించుకొని వచ్చినవాడును అతడే! చరిత్ర ఒక్కొక్కప్పుడు కథకులకంటె వింతగా ముడివేయును.

హాప్టన్ పుట్టుకతోనే రాజభక్తుడని తలపరాదు. 1640లో సమావేశమైన పార్లమెంటున సభ్యుడై రాజు పరిపాలనను విమర్శించెను. 1641లో రాజమంత్రి స్ట్రాఫర్డుకు మరణదండన విధింపవలెనన్నవారితో ఓటు వేసెను. కాని సైన్యముపై అధికారము కూడ తమదేయని పార్లమెంటు పట్టుబట్టినప్పుడు అతని మనసు రాజువైపు మొగ్గెను. వాలరు పార్లమెంటును విడువలేదు. స్నేహితులను వేరుచేసిన గీత అంత సన్ననిది.

జూన్‌లో రెండు సేనలును చేరువకు వచ్చెను. వెల్స్ పట్టణమునుండి హాప్టన్ తన పాత మిత్రుని ఒక్కసారి కలిసి మాటాడవలెనని కబురంపెను. కొమ్ము ఊదుకొనుచు వచ్చు దూతకు హాని చేయరాదన్న ఆచారము ఆనాడు ఉండెను. కనుక జాబులు శత్రుశిబిరముల నడుమ సాగుటకు దారి కలదు. దారి ఉన్నను, ప్రమాదము లేకపోలేదు. అంతకు రెండువారములకు ముందే లండనునందు రాజపక్షమువారి కుట్రయొకటి బయటపడినది. దానికి ముఖ్యుడు వాలరునకు దూరపు బంధువైన కవి ఎడ్మండ్ వాలర్. ఆ నెలాఖరుననే, ఎదుటిపక్షముతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపిరని హల్ కోటాధిపతి సర్ జాన్ హోథమును, అతని కుమారుని బంధించిరి. 1645 జనవరిలో ఇరువురి తలలును తీసిరి. కురుక్షేత్రమున ధర్మరాజు కవచము విప్పి భీష్మద్రోణులకు మ్రొక్కుటకు కాలినడకను పోగా, ఇతడు భయపడి లొంగిపోవుచున్నాడని కౌరవభటులు భ్రమించిరట గదా! అట్టి అనుమానము ఎల్ల యుద్ధములందును కాచుకొనియే యుండును.

వాలరు ఉత్తరమును మెచ్చుకొనువారు అది నిరాకరణలేఖయని తఱచు మఱతురు. కలియుటకు వీలులేదని అతడు స్పష్టముగానే చెప్పెను. తన పక్షమునకు కట్టుబడిన మాట తప్పజాలననియు, అట్లని హాప్టనుపై తనకుగల ప్రేమ ఈ వైరమువలన తరుగదనియు వ్రాసెను. ఈ పోరు తనకు ఎంత రోత పుట్టించుచున్నదో దైవమునకే తెలియునని వాపోయెను. ఇరువురమును ఈ విషాదనాటకమున వేషములు ధరించితిమి. ఆ పాత్రలను గౌరవముగా, సొంత పగలు లేక నడిపింతమన్నది దాని సారము. స్నేహమును చంపుకొనక, కర్తవ్యమును ఏమార్చక ఇంతకంటె మంచి జవాబు వ్రాయుట కష్టము.

మూడువారములు తిరుగకముందే, జూలై 5న బాత్ సమీపమునందలి లాన్స్‌డౌన్ కొండపై ఇరువురును తలపడిరి. రాజసేన కొండ నెక్కినది గాని మిక్కిలి నష్టపోయెను. వాలరు చీకటిలో రాతిగోడపై వెలుగుచున్న తుపాకివత్తులను నిలిపి, సేన అచ్చటనే యున్నట్లు భ్రమింపజేసి తొలగిపోయెను. మఱునాడు మందుగుండు బండి ప్రేలి హాప్టన్ ఒడలెల్ల కాలెను. కొంతకాలము చూపును పోయెను. అతనిని డివైజెస్ పట్టణమునకు మోసికొనిపోయిరి. వాలరు ఆ ఊరిని ముట్టడించెను.

లోపల తుపాకులకు వత్తులు కరవైనవి. ఆ దేశపు మంచములును మన నులకమంచములవలె త్రాళ్లతో అల్లినవే. పక్కమీదనున్న హాప్టన్ ఇండ్లలోని మంచపుత్రాళ్లన్నియు తెప్పించి గుగ్గిలములో ఉడికించి వత్తులు చేయించెను. వాలరు సంధిమాటలకు ఆహ్వానింపగా, అలసిన భటులకు కునుకు దొరకునని ఆ మాటలను సాగదీసెను. మిత్రత్వము మిత్రత్వమే, ముట్టడి ముట్టడియే. జూలై 13న ఆక్స్‌ఫర్డునుండి వచ్చిన ఆశ్వికదళము రౌండ్‌వే డౌన్ మీద వాలరు సేనను చెల్లాచెదరు చేసెను. 1644 మార్చి 29న చెరిటన్ వద్ద వాలరు హాప్టనును ఓడించి ఆ బాకీ తీర్చుకొనెను.

1646 మార్చిలో హాప్టన్ కార్న్‌వాల్ నందు తన సేనను లొంగజేసి దేశాంతరగతుడై, 1652లో బ్రూజెస్ నగరమున మరణించెను. గెలిచినపక్షమువాడైన వాలరునకును సుఖము లేదు. 1648 డిసెంబరులో తన పక్షపు సైన్యమే అతనిని బంధించి, విచారణయైనను లేక సుమారు మూడేండ్లు చెరలో నుంచెను. రాచరికము మరల నిలిచిన పిదప, 1661లో ముసలిదైన ఎలిజబెత్ రాణి ఇంగ్లండునకు తిరిగివచ్చి, మఱు సంవత్సరము ఫిబ్రవరిలో కన్నుమూసెను. నాడు ఆమెను కొలిచిన ఈ ఇరువురిలో అప్పటికి మిగిలియున్నవాడు వాలరొక్కడే. అతడు 1668 వరకు జీవించెను.