ఓకు తోటలో గుడారములు: వెస్లియన్ గ్రోవ్ శిబిర ప్రాంగణ చరిత్ర

శతవార్షికోత్సవ సంచికలలో దేవాలయముల చరిత్రలు, బిషప్పుల జీవితములు, బోర్డింగు స్కూళ్ల జ్ఞాపకములు తప్పక ఉండును. శిబిర స్థలములను గూర్చి వ్రాయువారు మాత్రము అరుదు. వేసవి సెలవులలో బిడ్డలను శిబిరమునకు పంపని క్రైస్తవ కుటుంబములు మనలో తక్కువే. అయినను ఆ చెట్లు, ఆ షెడ్లు, ఆ వంటశాల ఎవరు కట్టిరి, ఆ భూమి ఎవరిది అని అడుగువారు లేరు. అందుచేత ఈ సంచికకు మేము ఒక శిబిర ప్రాంగణము కథనే ఎన్నుకొంటిమి. అది మన దేశములోనిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమునకు దక్షిణమున సముద్రములోనున్న మార్తాస్ వినియార్డ్ అను ద్వీపములోనిది. మార్త ద్రాక్షతోట అని ఆ పేరునకు అర్థము. బేతనియలోని మార్తకును దీనికిని సంబంధము లేదు. 1602లో ఆ తీరమునకు వచ్చిన ఆంగ్ల నావికుడు గాస్నోల్డ్ పెట్టిన పేరది.

ముందుగా శిబిర కూటములు ఎట్లు పుట్టినవో చెప్పవలెను. 1801 ఆగస్టులో కెంటకీలోని కేన్ రిడ్జ్ అనుచోట వేలాది జనులు బండ్లలో వచ్చి దినముల తరబడి అడవిలోనే ఉండి ప్రసంగములు వినిరి. కూటము పిలిచినది ప్రెస్బిటేరియనులు. దాని ఫలమును ఎక్కువగా అనుభవించినది మెథడిస్టులు. ఊరికి ఒక గుడి, గుడికి ఒక గురువు లేని దేశములో సంవత్సరమునకొక వారము అందరిని ఒకచోట చేర్చు పద్ధతి వారికి ఎంతో అనుకూలించెను. చెట్లు నరికి కొంత మైదానము చేయుదురు. మధ్య ప్రసంగ వేదిక, దాని యెదుట బల్లలు, చుట్టు డేరాలు. ఆ కూటములకు అంతకుమించి కట్టడము అక్కరలేకపోయెను.

మార్తాస్ వినియార్డ్ మెథడిస్టులు 1835 ఆగస్టులో ఇట్లే మొదలుపెట్టిరి. ఎడ్గర్టన్ గ్రామమునకు చెందిన జెరెమయా పీస్ అను సంఘస్థుడు అందులకు పూనుకొనెను. ఓకు చెట్లున్న అరయెకరము నేలను ఒక రైతు యొద్ద కౌలుకు తీసికొనిరి. ఆ సంవత్సరము వేసినవి తొమ్మిది డేరాలు మాత్రమే. వేదిక కూడ పాత పలకలతో కట్టిన పాకయే. ఆ తరువాత 1845లో తప్ప ఏటేటా కూటములు అక్కడనే జరిగెను. ఆ తోటకు జాన్ వెస్లీ పేరు పెట్టి వెస్లియన్ గ్రోవ్ అని పిలిచిరి.

ఆ తొలి డేరాలను కొంచెము నిదానముగా చూడవలెను, ఏలయన తరువాత వచ్చిన ఇండ్లన్నియు వీటి బిడ్డలే. ఒక్కొక్క సంఘమునకు ఒక పెద్ద డేరా. న్యూ బెడ్‌ఫర్డ్ వారిది ఒకటి, నాంటకెట్ వారిది ఒకటి, ఇట్లుండెను. డేరా మధ్యను పొడవునా ఒక గుడ్డతెర. ఒక ప్రక్క పురుషులు, మరియొక ప్రక్క స్త్రీలు. నేలమీద ఎండుగడ్డి, దానిమీద దుప్పట్లు. వంట డేరా వెనుక. ఈ సంఘపు డేరాలు వేదిక చుట్టు వలయముగా నిలిచియుండును. పేదలైన నావికులు, పెద్ద వర్తకులు ఆ వారము ఒకే గడ్డిమీద పండుకొనిరి.

అయితే 1850ల నాటికి కలిగిన కుటుంబములు తమకు వేరు డేరాలు కావలెనని అడుగసాగెను. పెద్ద వలయములో చోటు చాలనందున వాటి వెనుక చిన్న చిన్న వలయములు ఏర్పడెను. ఒక ఊరివారు, ఒక బంధువర్గమువారు ఒక వలయము. 1858 నాటికి డేరాలు మూడువందలు దాటెను. ఆదివారమున పన్నెండు వేలమంది వరకు కూడుచుండిరి. స్టీమర్లు దిగి వచ్చువారిలో ప్రసంగము వినుటకు వచ్చువారెవరో, సముద్రపు గాలికొరకు వచ్చువారెవరో చెప్పుట కష్టమాయెను. వారము కూటమునకు ముందు వచ్చి తరువాత కూడ ఉండువారు హెచ్చిరి. ఇది భక్తి క్షీణత యని ఆనాటి పెద్దలు కొందరు విచారించిరి. మా అభిప్రాయము వేరు. బిడ్డలతో, ముసలివారితో కుటుంబమంతయు ఒక తోటలో నెలదినములు ప్రార్థనతోను విశ్రాంతితోను గడుపుటలో తప్పేమున్నది?

గుడ్డ డేరాలు కొయ్య డేరాలైనది ఈ కాలముననే. మొదట డేరాకు క్రింద చెక్కనేల వేసిరి, తరువాత కొయ్య తలుపు పెట్టిరి. 1859 మొదలు 1880 వరకు సుమారు ఐదువందల చిన్న ఇండ్లు లేచెను. వీటి పనితనము వడ్రంగులు తెలిసికొనదగినది. గోడలలో నిలువు స్తంభములు లేవు. ఒక పలక అంచు ప్రక్క పలక గాడిలో దిగునట్లు నిలువుగా బిగించిన ఒంటి పలకలే గోడ, అవే భారమును మోయును. లోపల పూత లేదు, చలిని ఆపునది లేదు. వేసవికి మాత్రమే కట్టిన ఇండ్లు. వెడల్పు డేరా వెడల్పే. ముందు రెండు రెక్కల తలుపు. డేరా గుడ్డను రెండు ప్రక్కలకు త్రోసినట్లే ఆ రెక్కలు తెరచుకొనును. తలుపునకు ఇరుప్రక్కల గుడి కిటికీలవలె కోసు తీరిన చిన్న కిటికీలు. పైన పడకగదికి మరియొక రెండు రెక్కల తలుపు, దాని ముందు బాల్కనీ. డేరా ముందు నీడకు కట్టు గుడ్డకు బదులు వరండా వచ్చెను. చూరుల అంచులకు రంపముతో కోసిన పూలు, తీగెలు, హృదయాకారములు వ్రేలాడును. ఈ కోత నగిషీవలననే వీటికి జింజర్‌బ్రెడ్ కాటేజీలని పేరు వచ్చెను. అల్లము వేసి చేసిన తీపి రొట్టెకు పంచదారతో అంచులు దిద్దుదురు, ఆ పోలిక.

ఇండ్ల మధ్య ఎడము మన పల్లెసందులలో ఉన్నంత కూడ లేదు. ఒక వరండాలో పాడు కీర్తనకు ఎదుటి వరండావారు వంతపాట పాడవచ్చును. తలుపులు తెరచియుంచినచో వీధికి లోపలి బల్ల, మెట్లు అన్నియు కనబడును. ఇల్లు కట్టుకొన్నను డేరా అలవాటు వారిని విడువలేదని చరిత్రకారులు దీనినిబట్టియే చెప్పుదురు.

ఇంతలో కంచె కథ వచ్చినది. శిబిరమునకును సముద్రమునకును మధ్యనున్న డెబ్బదియైదు ఎకరములను ఓక్ బ్లఫ్స్ ల్యాండ్ అండ్ వార్ఫ్ కంపెనీ 1866లో చేజిక్కించుకొని, రాబర్ట్ మోరిస్ కోప్‌లాండ్ అను శిల్పిచేత వంపు వీధులు, పార్కులతో వేసవి పట్టణమునకు ప్లాను గీయించి స్థలములు అమ్మసాగెను. ఆ కంపెనీకి తెలిసిన వ్యాపార రహస్యము ఒక్కటే: ప్రార్థనాస్థలము ప్రక్కనున్న స్థలమునకు ధర హెచ్చు. శిబిర పెద్దలు భయపడిరి. 1867లో తమ ముప్పదియారు ఎకరముల చుట్టు ఏడడుగుల ఎత్తు చెక్క కంచె కట్టిరి. అంతటితో ఆగక, కంపెనీ చేతిలో చిక్కినయెడల వెళ్లిపోవుటకు కొలనుకు ఆవలి మిట్టనేలను కూడ కొని, స్టీమర్లు నేరుగా అక్కడ ఆగుటకు రేవు కట్టిరి. 1868లో మార్తాస్ వినియార్డ్ క్యాంప్ మీటింగ్ అసోసియేషన్ అను పేర రాష్ట్ర చట్టము క్రింద రిజిస్టరు చేయించుకొనిరి.

కంచె ఎక్కువ కాలము పనిచేయలేదు. శిబిర కుటుంబములే సాయంకాలము ద్వారము దాటి సముద్రపు ఒడ్డున షికారు చేయుచుండిరి, పట్టణమువారు లోపలికి వచ్చి పాటలు వినుచుండిరి. కంపెనీ కట్టించిన ఇండ్లలో చాల భాగము శిబిరపు ఇండ్లకు నకళ్లే. 1869లో మొదలైన దీపాల రాత్రి కూడ అటు ఇటు కలిసిన పండుగయే. ఇప్పటికిని ఏటా ఆగస్టులో ఒక రాత్రి, సామూహిక గానము ముగియగానే విద్యుద్దీపములు ఆర్పి, వరండాలన్నిటిలో కాగితపు లాంతర్లు వెలిగింతురు.

వలయము మధ్యనున్న మందిరమును గూర్చి వ్రాయకుండ విడువజాలము. బల్లలపై ఎండ, వాన పడకుండ కొంతకాలము తెరచాప గుడ్డతో మహా గుడారము వేసిరి. అది గాలులకు ఏటేటా చినుగుచుండెను. చివరకు 1879లో శాశ్వత మందిరము కట్ట నిశ్చయించిరి. కొయ్య కట్టడమునకు వచ్చిన అంచనాలు వారి శక్తికి మించినవి. స్ప్రింగ్‌ఫీల్డుకు చెందిన జె. డబ్ల్యు. హాయిట్ ఇనుముతో సుమారు 7,000 డాలర్లకే కట్టెదనని ముందుకు వచ్చెను. సన్నని ఇనుప స్తంభములు, ఇనుప కమానులు, పైన మెలికల రేకులు, అంతస్తుల మధ్య రంగు అద్దముల వరుస. చుట్టు గోడలు లేవు. చెట్ల గాలి లోపలికి, కీర్తనల ధ్వని వెలుపలికి వచ్చిపోవును. దానిని వారు టాబర్నకిల్ అనిరి. మన బైబిలులో ప్రత్యక్షపు గుడారమనుమాట దానికే. మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన రాతి కథీడ్రలును చూచిన కన్నులకు రేకుల షెడ్డు మందిరమగునా అని సందేహము రావచ్చును. నూటనలుబది ఏండ్లకు పైగా ఆ షెడ్డు సముద్రపు గాలులకు తట్టుకొని నిలిచియే యున్నది. దానికి ప్రక్కనే 1878లో కట్టిన ట్రినిటీ మెథడిస్టు దేవాలయము కూడ గలదు.

అన్ని ద్వారములు అందరికి తెరువబడలేదనుట కూడ చెప్పవలెను. ఆ ఊరి వసతి గృహములలో నల్లజాతివారికి చోటు దొరకని రోజులు చాలకాలము సాగెను. వర్జీనియాలో బానిసగా పుట్టిన చార్లెస్ షియరర్, ఆయన భార్య హెన్రియెటా, శిబిరమువారు ఒకప్పుడు కొనిన ఆ కొలను ఆవలి మిట్టమీదనే ఇల్లు కొని, మొదట బట్టలుతుకు వ్యాపారము నడిపి, 1912లో తమవారికొరకు సత్రము తెరచిరి. షియరర్ కాటేజీ అని దానికి పేరు. గాయకుడు పాల్ రోబ్సన్ వంటివారు అక్కడ బస చేసిరి. శిబిరమువారి భక్తి గొప్పదే. అయినను ఏడడుగుల కంచె ఎవరిని బయట ఉంచుటకు కట్టిరో, కంచె పడిపోయిన తరువాత కూడ ఎవరు బయటనే ఉండిరో చూచినప్పుడు మాకు మనస్సు చివుక్కుమన్నది. మన పల్లెలలో మాలపల్లెకు, మాదిగపల్లెకు వేరు వేరు గుడులు ఎట్లు వచ్చినవో ఎరిగినవారికి ఇది విడ్డూరముగా తోచదు.

ఊరి విషయము క్లుప్తముగా చెప్పుదుము. 1880లో అది ఎడ్గర్టన్ నుండి విడిపోయి కాటేజ్ సిటీ ఆయెను. 1907లో ఓక్ బ్లఫ్స్ అని పేరు మార్చుకొనెను. శిబిర ప్రాంగణమును 2005లో జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించిరి.

అడవిలో కూడుట అనునది మనకును క్రొత్త కాదు. వికారాబాదు జిల్లా ధారూరు దగ్గర మెథడిస్టు సంఘమువారు ఏటా నవంబరులో జరుపు జాతరకు కుటుంబములు చాపలు, గిన్నెలు మూటగట్టుకొని వచ్చి చెట్లక్రిందను, గుడారములలోను బస చేయుదురు. జాతర అను ఊరిమాటనే సంఘము ఉంచుకొన్నది. కేన్ రిడ్జ్, వెస్లియన్ గ్రోవ్ కూటముల వారసత్వమే మెథడిస్టుల ద్వారా ఇక్కడికి చేరినదనవచ్చును.

ఇక భూమి సంగతి. వెస్లియన్ గ్రోవ్‌లో ఇల్లు కుటుంబముది, నేల అసోసియేషనుది. ఇల్లు అమ్మవచ్చును, నేల అమ్మజాలరు. కొనువాడు అసోసియేషను అంగీకారము పొంది, ఏటేటా నేలకు లీజు చెల్లించవలెను. సంఘపు ఆస్తులను గూర్చి కోర్టులచుట్టు తిరుగు మనవారు ఈ ఏర్పాటును పరిశీలించుట మంచిదని మా మనవి. కంపెనీవారు ప్రక్కన ప్లాట్లు కోసి అమ్ముచున్నప్పుడు ఇక్కడ ఒక్క గజము బయటికి పోకుండుటకు ఈ నియమమే అడ్డు నిలిచెను. ఐదువందల ఇండ్లలో ఇప్పుడు మిగిలినవి మూడువందలకు కొంచెము పైన. తగ్గినవన్నియు కూలినవి కావు. నేల తమది కానందున, గోడలు తేలికైనందున, కొందరు తమ ఇంటిని ఇల్లుగానే ఎత్తి ఎడ్లబండ్లమీద, దుంగలమీద ఊరిలో మరియొకచోటికి తరలించుకొనిపోయిరి.